గుమ్మంలో పెదనాన్న

మజ్జిగ గ్లాసు చేతికిచ్చి వీధి అరుగు మీదే కూర్చోమంది సుబ్బాయమ్మ. ముదినేపల్లి దగ్గరి ఆ పల్లెలో ఆవిడ ఇంత మర్యాద తెలిసీ గడప దాకా వచ్చిన మనిషిని లోపలికి రమ్మనకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి ఆవిడకి ఎనిమిదేళ్ళు.

వచ్చినమ్మాయి పేరు ఝాన్సీ. అవనిగడ్డలో టీచరు. దివిసీమ నుంచి ఎండన పడి, బస్సులు మారి వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి ఒక ఫొటో, ఉప్పెన బురద మరకలున్న ఒక కార్డు తీసి అరుగు మీద పెట్టింది.

"ఈయన మా తాతయ్యండీ, నాన్నకి నాన్న, దైవాధీనం. మతం పుచ్చుకోకముందు పేరు నాంచారయ్యట. కుర్రతనంలో రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో గుమాస్తా పని చేశాడు. జపాన్ వాళ్ళు బాంబులేస్తే అడవుల్లో పడి నడిచొచ్చేశాడు. ఇది అప్పుడిచ్చిన కాందిశీకుల కార్డు. తండ్రి పేరు చెరిగిపోయింది గానీ ఊరి పేరుంది చూడండి. ఫొటో వెనక బందరు స్టూడియో ముద్ర ఉంటే అక్కడికీ వెళ్ళాను. ఇప్పుడక్కడ చెప్పుల కొట్టు. ఈ ఊళ్ళో అడిగితే, రంగూన్ మాట మీ ఇంట్లో వినబడేదన్నారు."

సుబ్బాయమ్మ ఆ ఫొటోని ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన పనేముంది? అదే వంపు చేతుల కుర్చీ, వెనక అదే స్తంభాల తెర, అదే మెలితిప్పిన మీసం. ఓడెక్కేముందు తీయించిన కాపీలు రెండు. ఒకటి ఆయన జేబులో వెళ్ళింది, రెండోది తల్లికిచ్చాడు. ఆ రెండోది ఇప్పుడు లోపల సావిట్లో, గుమ్మానికెదురుగా, బొట్టుతో దండతో వేలాడుతోంది.

"ఈ ప్రాంతంలో నాంచారయ్యలకేం తక్కువమ్మా. ఈయన మావాళ్ళెవరూ కాదు" అంది.

ఝాన్సీ దాన్ని మరోలా అర్థం చేసుకుంది. "మేం పొలం అడగడానికి రాలేదండీ" అంది మెల్లిగా.

పొలమైతే ఎంత బాగుండేది! సగం రాసిచ్చి చేతులు కడుక్కునేది. దీనికేం రాసివ్వాలి?

రంగూన్ రేవులో జరిగిన గలాటాలో నాంచారయ్య పోయాడని అప్పట్లో ఎవడో వచ్చి చెప్పాడు. ఏళ్ళ తరబడి కబురు లేదు. శవం లేని చావుకి శాస్త్రం ఒక దారి చూపిస్తుంది. దర్భలతో బొమ్మ కట్టి, ఆ మనిషి పేరు పెట్టి దహనం చేస్తారు. చేశారు. తమ్ముడు వెంకట్రామయ్య, అంటే సుబ్బాయమ్మ తండ్రి, ఏటా తద్దినం పెట్టేవాడు. పిల్లకి ఊహ తెలిసేసరికి పెదనాన్నంటే గోడ మీది దండ, కాకులకి పెట్టే ముద్ద. అంతే.

పిల్లకి ఎనిమిదేళ్ళొచ్చిన వేసవిలో ఇంటిల్లిపాదీ పక్కవీధిలో పెళ్ళికి వెళ్తే పిల్ల ఒక్కతే సావిట్లో గవ్వలాడుకుంటోంది. తలెత్తితే గుమ్మంలో పెదనాన్న! గడ్డం మాసి, కాళ్ళకి గోనె పీలికలు చుట్టుకుని నిలబడ్డాడు. ఆయన పిల్లని చూడలేదు. ఆమె తల మీదుగా గోడ మీది తన బొట్టునీ దండనీ చూస్తున్నాడు. "పెదనాన్న దెయ్యమొచ్చింది" అని ఊరు ఎగిరిపోయేలా అరిచి పడిపోయింది పిల్ల. జనం వచ్చేసరికి గుమ్మం ఖాళీ. పిల్లకి తాయెత్తు కట్టారు. అన్న ఆత్మకి శాంతి లేదని ఏడ్చి, ఆ ఏడు తద్దినం ఇంకా ఘనంగా పెట్టాడు వెంకట్రామయ్య.

చిన్నపిల్ల జడుసుకోవడం తప్పా? ఎవరూ అనరు. తప్పు తర్వాతది. పెళ్ళీడుకొచ్చాక గుడివాడలో ఒక కాందిశీకుడు, చెప్పులరిగిపోతే కాళ్ళకి గోనె పీలికలు చుట్టుకుని నడిచామని చెబుతుంటే విన్నది. దెయ్యాలకి కాళ్ళు బొబ్బలెక్కుతాయా? ఆ రోజే తెలిసిపోయింది. తండ్రితో ఒక్క మాటంటే ఆయన ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు, అన్నని వెతికి తెచ్చుకునేవాడు. తద్దినం భోజనాలయ్యాక "అన్నయ్య శాంతించాడే అమ్మాయ్" అని ఆయన చల్లగా నడుం వాలిస్తే, నోటిదాకా వచ్చిన మాట మింగేసేది. ఇల్లరికం వచ్చిన మొగుడికీ చెప్పలేదు. తండ్రి ఏమీ తెలియకుండానే పోయాడు. ఆ అన్నగారేమో దివిసీమలో నిక్షేపంలా బతికే ఉన్నాడట! పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అందుకునే దూరం.

ఝాన్సీ గ్లాసు కింద పెట్టి లేచింది. "ఇంకొక్క మాటండీ. మీరు పెద్దవారు, ఎప్పుడైనా విన్నారేమో. తాతయ్య ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాడట. చిన్నపిల్ల చూసి కెవ్వుమని పడిపోయిందట. ముట్టుకుంటే ఊపిరాడుతున్నట్టు లేదట. జనం వస్తున్నారని భయపడి పారిపోయాడు. 'తమ్ముడి బిడ్డని చంపుకున్నాను, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనూ' అని ఏడ్చేవాడండీ. పేరైనా తెలీదు కదా, పోయేదాకా ప్రార్థనలో 'ఆ బిడ్డ' అనేవాడు. ఆ పిల్ల ఏమైందో కనుక్కుందామనే వచ్చాను."

ఇక్కడ వీళ్ళు బతికున్నవాడికి పిండం పెడుతుంటే, అక్కడ ఆయన బతికున్న పిల్ల కోసం ఏడ్చాడన్నమాట.

"జ్వరమొచ్చింది" అంది సుబ్బాయమ్మ. "తగ్గిపోయింది. మళ్ళీ గవ్వలాడుకుంది. పెళ్ళి కూడా చేశారు."

"మీకెలా తెలుసండీ?"

సుబ్బాయమ్మ వెనక్కి తిరిగి తలుపు బార్లా తీసింది. గోడ మీద అదే కుర్చీ, అదే మీసం. ఝాన్సీ చేతిలోని ఫొటోనీ, గోడనీ మార్చి మార్చి చూసింది.

"ఆ పిల్లని నేనేనమ్మా. మీ నాన్నకి అక్కని, నీకు మేనత్తని. అప్పుడంటే తెలియక వెళ్ళగొట్టాను. ఇవాళ తెలిసే వెళ్ళగొట్టబోయాను."

ఝాన్సీ తన చేతిలోని ఫొటోని మేనత్త చేతుల్లో పెట్టింది. సుబ్బాయమ్మ దాన్ని రొమ్ముకి హత్తుకుని గడప దగ్గర ఆగింది.

"రా పెదనాన్నా, లోపలికి రా. అరవనులే."