తక్కెడ పక్కన ఎవరి పేరు

బజారు సంఘం ఆఫీసు గోడకు అంటించిన నమూనా బ్యాలెట్‌లో నూర్‌బీ పేరు పక్కన ఆమె తక్కెడ గుర్తు లేదు, గొడుగు ఉంది. తక్కెడ కింది వరుసలో, సత్యదేవ్ పేరు పక్కన ఉంది. నామినేషన్ వేసిన మర్నాటి నుంచి బజారులో కనిపించని మనిషి సత్యదేవ్.

తెల్లవారితే సంఘం ఎన్నికల పోలింగ్. మౌలాలి రైల్వే కాలనీ పక్కనున్న ఆ కూరగాయల బజారులో నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్లంతా నూర్‌బీ మనుషులే. బొమ్మ చూసి ముద్ర గుద్దుతారు. ఆ ఓట్లన్నీ సత్యదేవ్ ఖాతాలో పడితే, గెలిచేది పెద్ద కొట్లవాళ్ల అభ్యర్థి ఓంప్రకాశ్.

నూర్‌బీ ఫోన్ తీసి బజారు వాట్సాప్ గ్రూపు తెరిచింది. వేలు ఆగిపోయింది. పొద్దుటి నుంచి ప్రచారం బంద్. ఇక గ్రూపులో గుర్తు మాటెత్తిన అభ్యర్థిని పోటీ నుంచి తీసేస్తారు. ఆ నిబంధన కావాలని పట్టుబట్టింది తనే.

ఆమె లోపలికి వెళ్లింది. ఎన్నికల అధికారి సదాశివ, రిటైరైన పోస్ట్‌మాస్టర్, కాగితాలు సర్దుతున్నాడు. ఒక పక్క ఓంప్రకాశ్, ఇంకో పక్క నూర్‌బీ ఏజెంటు పర్వతాలు. ఉల్లిగడ్డలమ్మే పర్వతాలు ఆమెకు సొంత అన్న కంటే ఎక్కువ.

"సార్, నా గుర్తు తప్పు పడ్డది. మళ్ల అచ్చేయించుండ్రి."

సదాశివ అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రూఫ్ కాగితం బయటికి తీశాడు. "ప్రెస్సోడు తప్పు కొట్టిండు, నేను సుత చూస్కోలేదమ్మా. కానీ మీ ఏజెంటు సంతకం ఉన్నది. సంతకమైన కాగితం మార్చనీకి రూలు ఒప్పుకోదు. దొంగ సంతకమైతే వేరే మాట."

"దొంగదే. మా అన్న గిట్ల పెట్టడు. ఎవరితోని పెట్టించినవ్ సేట్?"

"నాకేం పని చెల్లె?" ఓంప్రకాశ్ నవ్వాడు.

"నిన్న నీ మనిషి ప్రెస్సుకాడ ఉండె."

"పక్కన హోటలున్నది. చాయ్ తాగుడు సుత తప్పేనా?"

సదాశివ తెల్లకాగితం జరిపాడు. "దొంగ సంతకమని రాసియ్యి. ఓంప్రకాశ్ మీద అనుమానమని సుత రాయి. పోలీసులకు పంపి పోలింగ్ ఆపుత. కింద ఏజెంటు సంతకం కావాలె."

నూర్‌బీ గబగబా రాసి కాగితాన్ని పర్వతాలు ముందు పెట్టింది. "పెట్టన్నా."

పర్వతాలు పెన్ను పట్టుకున్నాడు. ఓంప్రకాశ్ ముఖంలో నవ్వు పోయింది. పర్వతాలు పెన్ను కింద పెట్టేశాడు.

"గా సంతకం నాదే చెల్లె. నిన్న సార్ కాగితమిచ్చి జెర చూస్కో అన్నడు. సుట్టూ మంది ఉన్నరు. తక్కెడ కనవడ్డది, గది చాలనుకున్న. దాని పక్కన ఎవరి పేరున్నదో నాకెట్ల తెలుస్తది? నాకు సదువు రాదు. పొద్దుగాల పేపర్ తెరిచి కూసుంట గద, బొమ్మలు చూస్త. సంతకం ఒక్కటే నేర్సుకున్న. ఏజెంటుగ ఉండమన్ననాడే చెప్పాల్సింది. అందరి ముందట మా అన్న సదువుకున్నోడు అంటివి. గా మాట నాకు మస్తు మంచిగ అనిపిచ్చింది. గిప్పుడు నువ్వు రాసింది సుత నేను సదవలేను. గీ కాగితం మీద సంతకం పెడితే సేట్ జైలుకు పోతడు, గదొక్కటి మాత్రం తెల్సు."