జెండా దించిన రోజులు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు దీవి జెట్టీ మీద ఒక బాలింత చనిపోయింది. బిడ్డ పుట్టి అప్పటికి ఏడు గంటలు. నెత్తురు ఆగలేదు. మంచంతో సహా మోసుకొచ్చి జెట్టీ మీద దించారు. ప్రభుత్వ లాంచి మళ్ళీ రావాల్సింది మంగళవారం.

ఆ ఉదయం పది గంటలకు రెండు చేపల పడవలు ఒడ్డు నుంచి డాక్టరును తేవడానికి బయల్దేరాయి. దీవికీ ఒడ్డుకీ మధ్య ఇసుక మేటల సందులో కెరటాలు విరిగే చోటుంది. దాన్ని మొగ అంటారు. ఒక పడవ మొగలో తిరగబడింది. రెండోది అందులోవాళ్ళను ఎక్కించుకుని వెనక్కి వచ్చింది. తిరగబడిన పడవలో ఆ బాలింత భర్త ఉన్నాడు. అతని కుడి చెయ్యి విరిగింది.

లాంచి నడిపే సరంగుకి ఈ సంగతి మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకి తెలిసింది. మామూలుగా లాంచి జెట్టీకి తగిలేసరికి తాడు అందుకోవడానికి నలుగురు పోటీ పడతారు. అతని భార్యది ఆ దీవే. కాబట్టి ఎనభై రెండు ఇళ్ళకీ అతను అల్లుడే. "అల్లుడు చిక్కిపోయాడర్రా, మా పిల్ల అన్నం పెడుతోందా లేదా" అని వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అరుస్తారు. ఆ రోజు తాడు ఎవరూ అందుకోలేదు. అతని కింద పనిచేసే కళాసీ దూకి కట్టుకున్నాడు.

జనం ముందు వలలు అల్లే ముసలామె నిలబడి ఉంది. చనిపోయిన పిల్లకి అత్తగారు. చేతుల్లో మనవరాలు.

"ఆదివారం పొద్దున్నించీ జెండా ఎగరేసే ఉంచాం" అంది. "కనబడలేదా అల్లుడూ?"

"ఆదివారం లాంచి లేదు గదత్తా. ఈ నెల నుంచి మంగళవారం, శుక్రవారమేనని చెప్పాను."

"చెప్పావు. మేమూ సరేనన్నాం. ఎవర్ని అడిగి తగ్గించారో మాత్రం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

అతనికి తెలియదు. రేవు ఆఫీసు గోడ మీద కాగితం అంటించి ఉంటే చదివాడు. అదే వచ్చి చెప్పాడు. లాంచితోనే నర్సు వస్తుంది, మాస్టారు వస్తాడు, రేషను బియ్యం వస్తాయి. లాంచి తగ్గాక నర్సు శుక్రవారాలే వస్తోంది. మాస్టారు రెండు రోజులు వస్తున్నాడు. ఫోను టవరు పోయిన ఏడాది తుపానుకి పడింది. మళ్ళీ లేపలేదు.

"ఆ గోడ దగ్గరికే తీసుకెళ్ళు" అంది ముసలామె.

ఇరవై రెండు మంది లాంచెక్కారు.

రేవు ఆఫీసులో ఇంజినీరు వాళ్ళని నిలబెట్టలేదు. పక్క గదుల్లోంచి కుర్చీలు తెప్పించాడు. జరిగినదానికి బాధ పడుతున్నానన్నాడు. తర్వాత లాంచి డైరీ తెప్పించాడు.

"లాంచి నడిపించే కాంట్రాక్టరు అడిగాడని తగ్గించలేదమ్మా. నేను కాగితం చూసి తగ్గించాను. నిరుడు నూట ముప్పై మూడు రోజులు లాంచి మొగ దాకా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. చదువుతాను వినండి. 'జెండా లేదు. ప్రయాణికులు లేరు.' మర్నాడు, 'జెండా లేదు. ప్రయాణికులు లేరు.' ఆ మర్నాడూ అంతే. ఎక్కేవాళ్ళు లేని చోటికి రోజూ లాంచి పంపితే పైవాళ్ళు నన్ను అడగరా?"

"ఎవరు రాశారది?" అన్నాడు పడవలు చేసే వడ్రంగి.

ఇంజినీరు డైరీ వాళ్ళ వైపు తిప్పాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. పింఛను అర్జీలన్నీ వాళ్ళకి రాసిపెట్టేది సరంగే. ఆ రాత దీవిలో చదువు రానివాళ్ళు కూడా గుర్తుపడతారు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అతననుకున్నాడు.

మూడు గంటలకు బడి గదిలో మీటింగు పెట్టారు. గది పట్టక కిటికీల దగ్గర నిలబడ్డారు. వడ్రంగి కూర్చోలేదు.

"నూట ముప్పై మూడు సార్లు రాశావురా. ఒక్కసారైనా చెయ్యి ఆగలేదా?"

"జెండా లేకపోతే లేదనే రాస్తారు బావా. ఉందని రాయనా? దించింది ఎవరు? మీరు కాదూ?"

"ఎందుకు దించామో తెలుసా నీకు?"



దీవిలో ఒక అలవాటుంది. ఒడ్డుకి వెళ్ళాల్సిన పని ఎవరికి పడితే వాళ్ళు పొద్దున్నే జెట్టీ కర్రకి ఎర్ర గుడ్డ కడతారు, జెండా అంటే అదే. లాంచి ఇసుక మేటల అవతల ఆగుతుంది. సరంగు దుర్భిణీలో చూస్తాడు. గుడ్డ కనబడితే మొగ దాటి వస్తాడు, లేకపోతే తిప్పుకుని పోతాడు. కెరటాలు లేచిన రోజు కట్టినవాళ్ళే గుడ్డ దించేసేవాళ్ళు. పంటినొప్పి రేపటిదాకా ఆగుతుంది. జ్వరం ఆగుతుంది. మన పని కోసం అల్లుడు ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు? ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఇల్లన్నాక అల్లుణ్ణి ఇబ్బంది పెట్టరు గదా అని ఎనభై రెండు ఇళ్ళూ విడివిడిగా అనుకున్నాయి.

"నీ కోసం రా!" అన్నాడు వడ్రంగి. "నీకేమన్నా అయితే మా పిల్ల గతేం కావాలని దించాం. నువ్వేమో లెక్కగా 'మనుషులు లేరు' అని రాసుకుపోయావు. మేం లేమా? బతికి లేమా ఇక్కడ?"

సరంగు తనకు తెలియదని చెప్పవచ్చు. గదిలో చాలామంది అతను ఆ మాటే చెప్తాడనుకున్నారు. నమ్మడానికి కూడా సిద్ధంగా ఉన్నారు.

"తెలుసు" అన్నాడు. "దించుతుంటే దుర్భిణీలో చూసేవాణ్ణి. ఒక్కరోజు కాదు. దించగానే నాకు ప్రాణం లేచొచ్చేది. స్టీరింగు తిప్పేసేవాణ్ణి. 'జెండా దించారు' అని రాస్తే, ఎందుకు దించారు, నువ్వెందుకు వెళ్ళలేదు అని అడుగుతారు. 'లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

వడ్రంగి అతని మీదికి వచ్చాడు. చెయ్యి విరిగిన భర్త అడ్డం నిలబడ్డాడు. ఆదివారం నుంచీ అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

ముసలామె బిడ్డని పక్కామె ఒళ్ళో పెట్టింది.

"కొట్టుకుంటే లాంచి రాదు" అంది. "వీడిది భయం. మనది మొహమాటం. ఆ ఆఫీసాయన రెండిట్నీ కలిపి 'అవసరం లేదు' అని చదువుకున్నాడు. రోజూ లాంచి ఉండుంటే ఆదివారం ఎనిమిదిన్నరకి పిల్ల లాంచిలో ఉండేది. ఇంకా ఎవరి దగ్గర మొహమాటం మనకి?"

రేషను షాపు నడిపే ఆయన మళ్ళీ ఒక అర్జీ పెడదామన్నాడు.

"టవరు కోసం పెట్టిన అర్జీ ఏమైంది బాబాయ్?" అని కిటికీ దగ్గర్నుంచి ఒకామె అడిగింది.

"వాళ్ళ దగ్గరే ఉంది."

"జాగ్రత్తగా ఉందా పాపం?"

కొందరు నవ్వారు. ఆదివారం తర్వాత దీవిలో నవ్వు వినబడటం అదే మొదలు.

అరగంట వాదులాట జరిగింది. పోలీసులు వస్తారని ఒకరు, పింఛన్లు ఆపేస్తారని ఒకరు, పడవల లైసెన్సులు లాక్కుంటారని ఒకరు. అవన్నీ జరగొచ్చని ముసలామె ఒప్పుకుంది. ఆపైన తను చెప్పదలచుకున్నది చెప్పింది. లాంచి ప్రభుత్వానిది. ప్రభుత్వం మనకోసమే ఇచ్చానంటోంది. కాబట్టి లాంచి ఇక్కడే ఉంటుంది. రోజూ ఏడింటికి ఇక్కణ్ణుంచి బయల్దేరుతుంది. డీజిలు చేపల పడవలవాళ్ళు పోస్తారు.

"నడిపేదెవరు?" అన్నారెవరో.

అందరూ అతని వైపు చూశారు. అతనికి ఇద్దరు పిల్లలు. రేవు పక్కన కాంట్రాక్టరు ఇచ్చిన గదిలో కాపురం. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

"నేనే" అన్నాడు. తర్వాత కళాసీ వైపు తిరిగి, "నువ్వు దిగిపో అన్నా. నీకు రెండేళ్ళే సర్వీసుంది" అన్నాడు.

"దిగి ఏం చేయను? ఇంట్లో ఉంటే మీ వదిన తిడుతుంది. ఇక్కడ సముద్రం తిడుతుంది. సముద్రమే నయం."

బుధవారం ఏడింటికి లాంచి దీవి నుంచి బయల్దేరింది. పదిహేడు మంది ఎక్కారు. పసిబిడ్డని ఆస్పత్రిలో చూపించారు. విరిగిన చేతికి కట్టు కట్టించారు. పదకొండింటికి లాంచి దీవికి తిరిగొచ్చింది. తిరిగి బయల్దేరేముందు రేవులో సరంగు భార్య ఎదురొచ్చింది. చనిపోయిన పిల్ల ఆమెకి చెల్లెలి వరస.

"గది ఖాళీ చేయమన్నారు" అంది. "సామాను లాంచిలో పెట్టేయనా?"

"భయం లేదా నీకు?"

"నీ భయం చాలదూ ఇంటికి? పద, ఆ బిందె పట్టుకో."

గురువారం కాంట్రాక్టరు రేవులోకే వచ్చాడు. లాంచిలో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు.

"ఏరా, లాంచి నీ అత్తగారి సొత్తనుకున్నావా?"

సరంగు నోరు తెరిచేలోపు చేపల బుట్ట దగ్గర్నుంచి ఒకామె లేచింది. "అవును బాబూ, అత్తగారి సొత్తే. మేమంతా అత్తగార్లమే. నీకేం కావాలో చెప్పు."

కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు. శుక్రవారం నర్సు వచ్చింది. శనివారం కూడా వస్తానని, తనను లాంచిలో తీసుకెళ్ళమని అడిగింది. ఆ శుక్రవారం బడికి రాని పిల్లాడంటూ లేడు. మాస్టారు దీవిలోనే ఉండిపోయాడు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి రేవులో పోలీసులు సరంగుని పట్టుకున్నారు. ప్రభుత్వ లాంచి దొంగిలించాడని కేసు. కళాసీని లాంచికి కాపలాగా అక్కడే ఉంచారు. దిగిన ముప్పై నలుగురూ స్టేషన్ దాకా వెనకాలే నడిచారు. గేటు ముందు కూర్చున్నారు.

పదకొండింటికి రావాల్సిన లాంచి పన్నెండైనా దీవికి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ రోజు మొగలో కెరటాలు తగ్గి ఉన్నాయి. పద్నాలుగు పడవలు బయల్దేరాయి. మూడు గంటలకు నూట పన్నెండు మంది స్టేషన్‌కి వచ్చారు. సరంగు లాకప్ ఊచల్లోంచి చూశాడు. ముందు వలల ముసలామె ఉంది.

"ఏంటమ్మా ఈ జాతర? అతని మీద దొంగతనం కేసు. మీకేం సంబంధం?" అన్నాడు ఎస్సై.

"కేసుకి సాక్షులు కావాలి గదా బాబూ. మేం సాక్షులం."

"దొంగతనం చూశారా?"

"మాకు లాంచి అవసరం లేదని వాళ్ళ పుస్తకంలో ఉంది. ఎప్పుడెప్పుడు అవసరమైందో మేం చెప్తాం. మీ పుస్తకంలో రాయండి."

"అదంతా రాయడం కుదరదు."

"కుదిరేదాకా కూర్చుంటాం. పోదామన్నా లాంచి లేదు."

ఎస్సై ఆమెని చూశాడు. గేటు బయటి జనాన్ని చూశాడు. "రాస్తే వేలిముద్ర వేయాలి. తర్వాత కోర్టుకి రావాలి. ఇంతమందీ వస్తారా?"

"లాంచి నడపండి, వస్తాం."

ఎస్సై రైటరుని పిలిచి, పది మందివి రాసి పంపించేయమన్నాడు. రైటరు బల్ల లాకప్ కి ఆరడుగుల దూరంలో ఉంది. ప్రతి మాటా లోపలికి వినబడుతుంది.

ముసలామె మొదట కూర్చుంది. "నిరుడు వానాకాలం. పొద్దున లేచేసరికి మా ఆయనకి మాట పడిపోయింది. జెండా కట్టాను. కెరటాలు చూసి నేనే దించాను. మూడు రోజులు కట్టాను, మూడు రోజులూ దించాను. నాలుగోరోజు ఆస్పత్రికి తెస్తే ఆలస్యమైందన్నారు. మాట మళ్ళీ రాలేదు. కుదించి రాయకండి బాబూ, మూడు రోజులూ రాయండి."

తర్వాత ఒకామె వచ్చింది. ఆమె కొడుకు ఒడ్డుకి రాలేక పరీక్ష రాయలేదు. గుడ్డ దించింది వాడే. తర్వాత వడ్రంగి. ఉలి దిగిన వేలు అయిదు రోజుల తర్వాత తీసేయాల్సి వచ్చింది. చెయ్యి పైకెత్తి రైటరుకి చూపించాడు. తర్వాత చెయ్యి విరిగిన మనిషి కూర్చున్నాడు. ఆదివారం సంగతి చెప్పాడు. ఏడు వాక్యాలు. ఎడమ చేతి బొటనవేలు ముద్ర వేశాడు.

సరంగుకి ఆ రోజులన్నీ గుర్తున్నాయి. గాలి ఎటు వీచిందో కూడా గుర్తుంది.

పది మందయ్యారు. రైటరు కలం మూయలేదు. పదకొండో సాక్షి కూర్చుంది. ఎస్సై ఫోనులో ఉన్నాడు.

అయిదున్నరకి సరంగు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"రైటరు గారూ, నాదీ రాయండి."

"నువ్వు ముద్దాయివి."

"అయినా రాయండి. లాంచి డైరీలో నూట ముప్పై మూడు చోట్ల ప్రయాణికులు లేరని రాశాను. అది తప్పు. ఉన్నారు. నేను చూశాను."

"తెలిసే అంటున్నావా?" అన్నాడు ఎస్సై ఫోను పక్కన పెట్టి. "తప్పుడు రాతలు రాశానని ఒప్పుకుంటే దానికి వేరే కేసు. ఉద్యోగం జన్మలో రాదు."

"తెలిసే."

రైటరు కొత్త కాగితం తీశాడు. అది రాయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. సరంగు ఊచల్లోంచి చెయ్యి చాపి సంతకం పెట్టాడు.

ఆరు గంటలకు అతన్ని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి జీపెక్కించారు. దొంగతనం కేసుకి రెండో కేసు కలిసింది. అప్పటికి ముప్పై ఒక్క వాంగ్మూలాలు రాయడం పూర్తయింది. వరసలో నూట పదిహేను మంది ఉన్నారు. ముప్పై రెండో సాక్షి కుర్చీలో కూర్చుని తను జెండా దించిన తేదీ చెప్పింది.