మొదటి పేజీలో బొట్టు

మైలాపూరులో భాష్యంగారి అద్దె పుస్తకాల షాపునుంచి ఆరతి ఈసారి ఒక సస్పెన్స్ నవల తెచ్చుకుంది. మంచు తుఫానుకు ఒకే సత్రంలో చిక్కుబడ్డ, ముక్కూమొహం తెలియని ఆరుగురి కథ. ఇంటికొచ్చి తెరవగానే మొదటి పేజీలో ఎవడో పెన్నుతో గీకాడు: "హంతకుడు ఎవరంటే..."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాడి చేతులు విరగ! కానీ ఆ పక్కన, పేరు ఉండాల్సిన చోట ఎర్రటి స్టిక్కర్ బొట్టు అతికించి ఉంది. తన కథ ఎలాగూ చెడింది, తర్వాతి వాళ్లకైనా చెడకూడదని ఎవరో మహాతల్లి కప్పేసింది.

కరెంటు లేని ఆ మధ్యాహ్నం ఆరతి చెమటలు కక్కుతూనే మంచులో వణికింది. చివరిదాకా హంతకుణ్ణి కనిపెట్టలేకపోయింది. ఆ తల్లి చల్లగా ఉండాలి అనుకుంది.

తిరిగిచ్చేటప్పుడు చూస్తే బొట్టు అంచు లేచిపోతోంది. ఆరతి తన నొసటి బొట్టు తీసి దానిమీద గట్టిగా అదిమింది.

"ఏమ్మా, బొట్టు లేకుండానే పోతా ఉండావే?" అన్నారు భాష్యంగారు.

"నాకు ముందు చదివినామె కూడా ఈడ్నించి ఇట్లానే పోయుంటాది సార్," అంటూ ఆరతి మెట్లు దిగింది.