ఒక్క దీర్ఘం తేడా

మౌనం తాత ఉండే మేడ మెట్లెక్కుతున్నప్పుడు బోర్డులు రాసే పెయింటరు చేతిలో కుంచె లేదు, బోర్డులకు మేకులు దిగ్గొట్టే సుత్తి ఉంది. దాంతో ఎవరినో కొట్టాలని తెచ్చుకున్నాడని అనలేం. ఇంటి వాకిట్లో పని మధ్యలోంచి లేచి వచ్చాడు, కింద పడేయాలని తోచలేదు. అరికాలి మంట నెత్తికెక్కినవాడికి చేతిలో ఏముందో ఏం గుర్తుంటుంది?

ఆ మంటకి కారణం చెల్లెలు. మొగుడు పోయాక అన్న ఇంట్లోనే పైగదిలో ఉంటోంది. చిన్నప్పటి నుంచీ షుగరు మనిషి. పూటపూటా ఇన్సులిన్ సూది పడకపోతే ప్రాణానికే ముప్పు. అలాంటిది మొన్నటి నుంచి సూది మానేసి, లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. ఫోన్లో మౌనం తాత చెప్పాడట. నమ్మకపోతే నువ్వే చదువుకో అని, ఆ రాతలన్నీ తలుపు అవతలి నుంచే అన్న ఫోనుకు పంపింది. పైన తాత బొమ్మ, తెల్లగడ్డం, అదే చిరునవ్వు. కింద రాతలు: నీ భర్త ఆత్మ నీ దగ్గరికి రావాలని చూస్తోంది తల్లీ, ఆ సూదుల మందు అడ్డుపడుతోంది. నేను వ్రతంలో ఉన్నాను, రాతే తప్ప మాట లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ఆమె బంగారు గాజులు అమ్మిన డబ్బు అప్పటికే ఆ రాతలు పంపమన్న చోటికి వెళ్ళిపోయింది.

తలుపు విరగ్గొడతానని అన్న అరిస్తే, విరిగిన మరుక్షణం కిటికీలోంచి దూకుతానంది. తాత వ్రతం వదిలి నోటితో చెప్తే తప్ప సూది ముట్టనని తెగేసి చెప్పింది. సరే, ఆ తాతనే మెడబట్టి ఈడ్చుకొస్తానని బయల్దేరాడు పెయింటరు.

నిజానికి మౌనం తాత అంత పెద్ద స్వామీ కాదు, బాబా కాదు. సాయంత్రాలు పదిమందిని చాపల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమంటాడు. క్లాసులో గంటసేపు నోరు విప్పడు కాబట్టి ఆ పేరు, లేకపోతే మహా మాటకారి. మొగుడు పోయిన కొత్తలో చెల్లెలు కూడా కొన్నాళ్ళు వచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. క్లాసయ్యాక ఆయన మాట్లాడే ఆ గొంతు విన్నాకే తనకి నిద్ర పట్టిందని చెప్పుకునేది.

పెయింటరు వెళ్ళేసరికి తాత చాపలు చుడుతున్నాడు. ఫోను ఆయన ముఖమ్మీద పెట్టి, ఇది రాసింది నువ్వేనా అని అడిగాడు. తాత కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు.

"నేను ఎవరికీ రాయలేదయ్యా. ఉండు, చూడనీ."

ఆ ఉండడమే పెయింటరు వల్ల కాలేదు. బొమ్మ కనిపిస్తుంటే కాదంటాడేమిటని మొదటి దెబ్బ పిడికిలితో కొట్టాడు. కళ్ళద్దాలు గోడకి తగిలి పగిలాయి. రెండో దెబ్బకి ముసలాయన చాపల మీద వెల్లకిలా పడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీద తన్నాడు. సూది మానమంటావా, దాని ప్రాణం తీస్తావా అంటూ ఛాతీ మీద కూర్చుని కొట్టాడు. సుత్తి ఉన్న చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. తాత దవడ పక్కకి జారిపోయింది. నోట్లోంచి రక్తం, రక్తంలో పళ్ళు.

ఇంకోసారి ఎత్తేలోపు వెనక నుంచి వీపు పగిలేలా దెబ్బ పడింది. కింద కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ గుడ్డలు కొలిచే ఇనప బద్దతో బాదుతోంది. తాత పేరు మీద ఫోన్లో ఖాతా నడిపేది ఆవిడే. చేతి మీద కొట్టి సుత్తి జారవిడిపించి, సంగతి విని, ఆ ఫోను లాక్కుని చూసింది.

"తాత ఎవరికీ తనంతట తాను రాయరు. మందులు మానమని చచ్చినా చెప్పరు. దొంగ ఖాతా ఉంది, నమ్మకండని మొత్తుకుంటూనే ఉన్నాను. పేరు చదువు."

"మౌనం తాతా," అని చదివాడు.

"మళ్ళీ చదువు. ఇది నేను నడిపేది." తన ఫోను పక్కన పెట్టింది.

ఒకటి మౌనం తాత. రెండోది మౌనం తాతా. చివర ఒక్క దీర్ఘం. పిలిచేటప్పుడు అందరూ తాతా అనే అంటారు కాబట్టి, చూసినవాళ్ళెవరూ దాన్ని చదవలేదు, పిలిచారు. పెయింటరూ అంతే. ఊళ్ళో ఏ బోర్డు మీద దీర్ఘం ఎక్కువైనా రోడ్డు మధ్యలో ఆగి నవ్వేవాడు. అక్షరాలు అమ్ముకుని బతికేవాడు, కళ్ళుండీ గుడ్డివాడయ్యాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? చెల్లెలు నమ్మేది ఒక్క గొంతుని. ఆ గొంతు పలికే నోటిని తన చేత్తోనే విరగ్గొట్టాడు.

తాత మాత్రం సంగతంతా విన్నాడు. టైలరమ్మ దవడకి గుడ్డ కడుతుంటే వేలితో గుమ్మం చూపించాడు. ముందు ఆసుపత్రికి వెళ్దామని ఆవిడ మొత్తుకున్నా తల అడ్డంగా ఊపాడు. పెయింటరు ఆయన్ని వీపున వేసుకుని దిగాడు, వెనకే టైలరమ్మ. మెడ మీదుగా వెచ్చటి రక్తం కారుతూనే ఉంది.

పైగది ముందు నిలబడి తాతని తెచ్చానని చెప్పాడు. లోపలి నుంచి వచ్చిన గొంతు మత్తుమత్తుగా ఉంది.

"తాతయితే మాట్లాడమను. ఆయన గొంతు నాకు తెలుసు."

తాత గుడ్డ కిందకి లాక్కుని ప్రయత్నించాడు. అమ్మా అనబోయాడు. గొంతులోంచి గరగరమని ఒక చప్పుడు వచ్చింది, దాని వెంట రక్తం. నొప్పికి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఎవర్నో పట్టుకొచ్చావు. వ్రతంలో ఉన్న మనిషి నీ వెంట ఎందుకొస్తాడు? పో అన్నయ్యా."

అబద్ధం ఏదైనా అల్లుదామా అనుకున్నాడు పెయింటరు. అల్లడానికి ఏమీ మిగల్లేదు. తలుపుకి నుదురు ఆనించాడు.

"మాట్లాడలేరు చెల్లెమ్మా. దవడ విరిగింది. విరగ్గొట్టింది నేనే. ఆ రాతలు ఆయనవే అనుకున్నాను. నువ్వెలా నమ్మావో నేనూ అలాగే నమ్మాను. నువ్వు నమ్మి సూది మానేశావు, నేను నమ్మి ఈయన్ని చంపబోయాను. మనిద్దరికీ రాసింది ఎవడో దొంగ."

లోపల మంచం కిర్రుమంది.

"తాతని కొట్టావా?"

గడియ తీసిన చప్పుడు. గోడ పట్టుకుని నిలబడింది, పెదాలు ఎండిపోయి, కళ్ళు లోతుకు పోయి. కింద కూలబడి ఉన్న తాత ముఖాన్ని చూసింది. ఆ ముఖం ఎవరిదీ కాదన్నట్టు ఉబ్బిపోయింది. చూపు మాత్రం ఆయనదే. ఆమె ఇంకేమీ అడగలేదు. పక్కనున్న స్టీలు చెంబు తీసి అన్న ముఖమ్మీద కొట్టింది. కనుబొమ చిట్లింది. మళ్ళీ కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకి చెంబుతో సహా అతని మీదకే ఒరిగింది. మొన్నటి నుంచీ జేబులోనే పెట్టుకు తిరుగుతున్న ఇన్సులిన్ సూది తీసి, చిన్నప్పటి నుంచీ వేస్తున్న చేత్తోనే ఆమె తొడకి గుచ్చాడు. గుచ్చుతుంటే ఆమె పిడికిళ్ళతో అతని వీపు మీద బాదుతూనే ఉంది.

నిచ్చెనలున్న అతని వ్యాను టైలరమ్మ నడిపింది. వెనక చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. తాత ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. షుగరు హద్దు దాటి ఆమె ఊపిరి కుళ్ళిన పండు వాసన కొడుతోంది. పిడికిలి అన్న ఛాతీ మీద పడుతోంది, లేస్తోంది, పడుతోంది. పోనుపోనూ అది పిల్లలు తట్టినట్టయింది. ఆ తర్వాత లేవలేదు.

"కొట్టు చెల్లెమ్మా. ఆపకు."

ఆమె చెయ్యి పట్టుకుని తన చెంప మీద తనే కొట్టుకున్నాడు. కొట్టుకుంటూనే ఉన్నాడు. ఆసుపత్రి మలుపులో వ్యాను కుదిపింది. అప్పుడు ఆ చెయ్యి అతని పట్టులోంచి విసురుగా జారిపోయింది, వేళ్ళు ముడుచుకున్నాయి, ఈసారి తనంతట తానే వచ్చి అతని నోటి మీద తగిలింది. పెదవి చిట్లింది. పెయింటరు బావురుమన్నాడు.