గోడలో పెట్టిన తలుపు

నేను ఒక తలుపును. బర్మా టేకు, ఒంటి రెక్క, ఇనప గొళ్ళెం. భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న పెంకుటింట్లో, పడగ్గదికీ హాలుకీ మధ్య నన్ను నిలబెట్టారు. ఆ ఇల్లు కట్టించినవాడు ఒక డచ్చి దొర. జ్వరం వచ్చి ఆ గదిలోనే పోయాడు. నన్ను గట్టిగా వేసేవాడు. అతని గురించి ఇంకేమీ చెప్పడానికి లేదు.

తర్వాత చాలామంది వచ్చారు. అందరూ నన్ను మూసి గుసగుసలాడారు, మూస్తే నాకు వినపడదనుకుని. మనుషుల తెలివి అంతవరకే.

వాళ్ళలో నేను మరిచిపోనివాడు గవరయ్య. ఉప్పు కొఠారులో గుమస్తా. భార్య పేరు మంగమ్మ. ఆవిడ కుడిచేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, గంజి గిన్నో, దీపమో. అందుకని నన్ను ఎడమ అరచేత్తో నెట్టేది. గొళ్ళేనికి జానెడు కింద, ఎప్పుడూ ఒక్కచోటే. అక్కడ నా చెక్క నున్నబడింది.

మంగమ్మ పురిట్లో పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. అలా పోయినవాళ్ళని గుమ్మంలోంచి తీసుకుపోరు. గోడ కొట్టి, ఆ కంతలోంచి బయటికి తీస్తారు. కాటికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోగా కంత పూడ్చేస్తారు. పోయినవాళ్ళకి తాము వెళ్ళిన దారే తెలుస్తుందట. అది మూసేస్తే ఇల్లు దొరకదట.

గవరయ్య సముద్రం వైపు గోడ కొట్టించాడు. పాడె ఇంకా వీధి మలుపు తిరగలేదు, "బేగి పూడ్సండర్రా, బేగి" అని తాపీవాళ్ళకి చెప్పి మరీ వెనక నడిచాడు. ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే పూడ్పించాడు. నేను క్షమించలేదు.

మంగమ్మ తిరిగి వచ్చింది. గోడకి అటువైపు నిలబడింది. పూడ్చిన చోట సున్నం ఏనాడూ ఆరలేదు. ఎండలు మండిపోతున్నా అక్కడ ఒక చెమ్మ మచ్చ, అరచెయ్యంత. ఏటా వెల్ల వేసేవారు. ఏటా మచ్చ పైకి వచ్చేది. సముద్రపు ఉప్పు అని సరిపెట్టుకునేవారు. గవరయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ వచ్చినావిడ నన్ను కుడిచేత్తో నెట్టేది.

చేతులు మారి మారి, చివరికి ఇల్లు జగ్గారావు కొన్నాడు. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరయినవాడు. ఆయన భార్య హైమకి ఉబ్బసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే కొన్నాడు. కొన్నాక తెలిసింది, ఇల్లు పాత కట్టడాల జాబితాలో ఉందని, తన ఇంటి గోడకి తాను మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాలని. అడిగి అడిగి లోపల బాత్రూం కట్టించాడు, ఏసీ పెట్టించాడు, కొత్త వంటగది చేయించాడు. కానీ మంచం మీంచి సముద్రం కనపడాలని హైమ కోరిక. అటువైపు ఉన్నది గోడ.

"కొత్తగా గోడ కొట్టడానికి వీల్లేదు సార్" అన్నాడు జాబితా ఆఫీసరు. "పాత గుమ్మం ఏదైనా మూసేసి ఉంటే తెరుచుకోవచ్చు. అంతే."

పాత సున్నం గీకిస్తే మచ్చ చుట్టూ పూడ్చిన గీత బయటపడింది. జగ్గారావు ముఖం వెలిగిపోయింది. "ఇదేటండి మరి? గుమ్మం కాదా?" అన్నాడు. ఆఫీసరు కొలిచాడు, ఫోటో తీశాడు, అసలు గుమ్మమే అని తేల్చాడు. పాత గుమ్మానికి పాత తలుపే ఉండాలన్నాడు.

"మరి గడప ఏదండీ?" అంది హైమ. "ఎవరో తొందరలో గోడ పగలగొట్టినట్టుంది."

"నీకు సముద్రం కావాలా, గడప కావాలా?"

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. పూడ్చింది తవ్వి తీసి, నన్ను హాలు గుమ్మం నుంచి ఊడదీసి, ఆ కంతలో బిగించారు.

ఆ మధ్యాహ్నం ఆకు కదల్లేదు. గొళ్ళెం వేసే ఉంది. గొళ్ళేనికి జానెడు కింద చెయ్యి పడింది. నాకు తెలిసిన చెయ్యి. తెరుచుకున్నాను.

మంచం మీద హైమ కళ్ళు విప్పింది. చాలాసేపు చూసింది. "రామ్మా, కూచో" అంది.

జగ్గారావు వచ్చాడు. "ఎవరితోనే మాటలు?"

"ఎవరో పాపం, శానా సేపట్నుంచి నించున్నట్టున్నారు. పాదాలు తడిగా ఉన్నాయండీ."

"గొళ్ళెం వదులైనట్టుంది. బిగిస్తాను" అన్నాడాయన. ఇంజనీరు కదా.

నా చుట్టూ గోడ అంచున మిగిలిన చెమ్మ ఆరిపోయింది.

హైమ రోజూ నాలోంచి సముద్రం వైపు వరండాలోకి వెళ్ళి వచ్చేది. లోపలికి వచ్చేముందు భుజం నాకు ఆనించి ఊపిరి కూడదీసుకునేది. ఒకరోజు అలా ఆనుకునే అంది: "నేను పోయినా ఈ తలుపు మాత్రం ముయ్యకండి, ఏం?"

"పిచ్చి మాటలు. ముయ్యనులే."

ఆ మాట నేను నమ్మాను. తలుపులకీ తెలివి తక్కువే.

వానలు పట్టాక హైమ పోయింది. జగ్గారావు అక్క వచ్చి, పంతులుని అడిగొచ్చి, గుమ్మంలో నిలబడింది.

"ఒరే జగ్గా, నచ్చత్రం బాలేదట. గోడ కొట్టి తియ్యాల."

"గోడ కొట్టనివ్వరప్పా. జైల్లో పెడతారు."

ఆవిడ నా కాళ్ళ దగ్గర వంగి చూసింది. "ఇది గుమ్మమేటిరా? గడపేది? ఎవరినో తీసిన కంత ఇది! అదుగో, దేవుడే ఉంచాడు. ఇందులోంచే తీసీ. తీసి పూడ్సీ."

జగ్గారావు నన్ను చూశాడు, మంచం చూశాడు. "పూడుస్తానప్పా" అన్నాడు.

ఏడ్చాడు కూడా.

హైమని నాలోంచే తీసుకెళ్ళారు. ఇటుకలు వచ్చాయి, సిమెంటు వచ్చింది. వాటి వెనకాలే ఆఫీసరు వచ్చాడు. "అసలు గుమ్మం సార్. జాబితాలోకి ఎక్కింది. ముయ్యకూడదు. తలుపు తియ్యకూడదు."

"గుమ్మం కాదు బాబూ! శవాన్ని తీసిన కంత!"

"గుమ్మమని చూపించింది మీరే కదా సార్?"

ఇటుకలు వరండాలోనే ఉన్నాయి. నాచు పడుతోంది. జగ్గారావు నాకు గొళ్ళెం వేశాడు, తాళం వేశాడు. హైమ మంచాన్ని ఈడ్చి నాకు అడ్డం పెట్టాడు. దాని మీద తాను కూర్చున్నాడు, నాకు వీపు ఆనించి.

పొద్దు వాలుతోంది. గాలి లేదు. గొళ్ళేనికి జానెడు కింద ఎడమ అరచెయ్యి పడింది. ఆ పక్కనే, మెల్లగా, ఊపిరి కూడదీసుకుంటూ ఒక భుజం ఆనింది.

నేను తలుపును. తోస్తే తెరుచుకోవడం నా పని. మంచం కాళ్ళు నేల మీద కిర్రుమన్నాయి.