నలుగురు లాలిలు

పళ్లు తోముకుంటూ అద్దంలోకి చూసినప్పుడల్లా నాకు వెంకటరామారావు ముఖమే కనిపించేది. ఏడాదిన్నరగా ఇదే వరస. ఆయన మీది కోపం నాతో పాటే నిద్ర లేచేది, టీ తాగేది, నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి నాతో పాటే వచ్చేది. ఒంటరి మనిషికి కోపం వంట చేసి పెట్టదు గానీ గది ఖాళీగా ఉన్నట్టు అనిపించనివ్వదు.

రెండు వేల ఎనిమిదిలో, అడవి అంచున పోడు చేసుకునేవాళ్లకు పట్టాలివ్వడానికి భూములు కొలుస్తున్న కాంట్రాక్టు ఆఫీసులో నేను ఆపరేటర్ని. వెంకటరామారావు సూపర్‌వైజర్. కొలిచిన ప్రతి చెలకకూ ఒక మ్యాపు. మ్యాపులన్నీ నెట్‌వర్క్ డబ్బాలోకి వెళ్లేవి. బీరువా మీద పెట్టిన చిన్న ఇనప డబ్బా అది. లోపల రెండు డిస్కులు. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ తీగలతో దానికే కలిసేవి. మా రేగళ్లతండా మ్యాపులు పందొమ్మిది అందులోంచి మాయమయ్యాయి. ఆ పందొమ్మిది ఇళ్లకూ పట్టాలు రాలేదు.

వెంకటరామారావు మా కాక హరిలాల్‌ను పిలిపించాడు. కాక తండాకు నాయకుడు, మా నాన్నకు తమ్ముడు. తెర మీద నా పేరు చూపించి ఎవరితోనో చదివించారు. తీసేసింది బాలకృష్ణ, అంటే నేను. కాక నన్ను ఒక్క మాటైనా అడగలేదు. తండాకు వెళ్లి పంచాయితీ పెట్టి, నాతో ఎవరూ మాట్లాడకూడదన్నాడు. ఆ ఏడు తీజ్ పండుగకు, బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలు ఆడపిల్లలు అన్నదమ్ములందరికీ పంచారు. నా దాకా వచ్చి, కాక వైపు చూసి, పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ వారమే మణుగూరులో గది కిరాయికి తీసుకున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో మొహసిన్ దుకాణంలో ఆ డబ్బా కనిపించింది. మొహసిన్ పాత కంప్యూటర్లు, టీవీలు కొని బాగుచేసి అమ్ముతాడు. ఆఫీసు మూతపడి సామానంతా అతని దగ్గరికి చేరింది. డబ్బా మూత మీద నేను రాసిన నెంబరు అలాగే ఉంది.

"గది సచ్చిపోయింది భాయ్, ఏం జేస్కుంటవ్?" అన్నాడు మొహసిన్. "అండ్ల వట్టేదంత గిప్పుడు జేబుల వడుతుంది."

"ఇంట్ల పెట్టుకుంట."

"ఇంట్ల పెట్టుకోనీకె పెండ్లాన్ని తెచ్చుకో. మాకు దావతన్న దొరుకుతది."

ఇచ్చాడు. డబ్బా బతికితే అతని చెల్లెలు ఫరహా పెళ్లి వీడియోలు కూడా అందులో పెట్టాలన్నది ఒప్పందం. సీడీలన్నీ గీతలు పడి మధ్యలో ఆగిపోతున్నాయట.

ఆదివారాలు దాని మీదే గడిపాను. ఫ్యాను నిండా బల్లి గుడ్ల పెంకులు. కరెంటు బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. చచ్చిన టీవీ నుంచి తీసిన వాటిని మొహసిన్ అతికించాడు. ఒక డిస్కు కటకటలాడి ఆగిపోయింది. ఏది దాచినా రెండింటి మీదా రాసుకోవడం ఆ డబ్బా అలవాటు కాబట్టి రెండోది చాలనుకున్నాను. అయినా పలకలేదు. దానికి తెలిసింది పాత ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే. చివరికి నా కంప్యూటర్‌కు ఒకప్పటి నా ఆఫీసు కంప్యూటర్ నెంబరే ఇచ్చాను. వెంటనే తలుపు తీసింది. నేను మళ్లీ ఆ ఆఫీసు మనిషినైతే తప్ప అది నాతో మాట్లాడలేదు.

నాకు కావలసింది ఒక్కటే. మ్యాపులు తీసేసిన చెయ్యి ఎవరిదో చెప్పే సాక్ష్యం. దాన్ని తీసుకెళ్లి వెంకటరామారావు ముందు పెడితే ఆ ముఖం ఎలా మారుతుందో వందసార్లు ఊహించుకున్నాను. ఏ పని ఎవరు చేశారో డబ్బా రాసుకునే చిట్టా తెరిచాను. మొదటి నుంచి చివరిదాకా ప్రతి పని పక్కనా నా పేరే. అంతే కదా మరి. పొద్దున్నే అన్ని కంప్యూటర్లూ ఆన్ చేసి, సార్లకు శ్రమ లేకుండా నా పేరుతోనే తెరిచి పెట్టేవాణ్ణి. ఆ ఆఫీసులో అందరూ రోజంతా నేనే.

డబ్బా నా మీదే సాక్ష్యం చెప్పింది. చిట్టా మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒకవేళ నేనే తీసేశానా అన్న అనుమానం కూడా వచ్చింది. మనసు అలాంటివి దాచగలదు.

అప్పుడు, ఎవరూ తెరిచి ఉండని ఒక మూల, తీసేసిన ఫైళ్లను డబ్బా దాచుకునే చోటు కనిపించింది. పందొమ్మిది మ్యాపులూ అందులో ఉన్నాయి. పేర్లు చదివాను. బానోతు లాలి. బానోతు లాలి. బానోతు లాలి. బానోతు హరిలాల్. బానోతు హరిలాల్. అసలు జాబితా తెరిస్తే అక్కడ ఒక లాలి, ఒక హరిలాల్ మిగిలి ఉన్నారు. ఒక్కో పేరుకు మొదటిది ఉంచి మిగతావి తీసేశారు. డూప్లికేట్లని.

మా తండాలో పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు. మేకల లాలి వేరు, బావికాడి లాలి వేరు, మంగ్యా కోడలు లాలి వేరు, చెవిటి లాలి వేరు. నలుగురివీ నాలుగు చెలకలు. ఇది చదువురాని కాకకు కూడా అర్థమయ్యే సాక్ష్యం. పందొమ్మిదిలో ఒకటి కాకదే.

మ్యాపులు దొరికినవాళ్ల అర్జీలు సోమవారం భద్రాచలంలో మళ్లీ చూస్తారు. అది నాకు తెలుసు. శనివారం కాకకు ఫోన్ చేసి, మ్యాపుల సంగతి, వెంకటరామారావు ఉండే వైరాకు రమ్మన్నాను. వచ్చాడు. బస్టాండు నుంచి నాకు పది అడుగులు వెనకే నడిచాడు.

వెంకటరామారావు లుంగీలో, వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

"రండి రండి. నువ్వు హరిలాల్‌వి కదూ?" అన్నాడు నన్ను చూసి.

"బాలకృష్ణను సార్. హరిలాల్ ఈయన."

"ఏమోనయ్యా, మీ పేర్లన్నీ ఒకలాగే ఉంటాయి." లోపలికి టీ చెప్పాడు.

డబ్బాలో దొరికిన పేర్లు రాసిన కాగితం చేతికిచ్చాను. "ఇయ్యి తీసేసింది మీరేనా సార్?"

కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "ఆఁ, ఇవా. డబుల్ ఎంట్రీలు. పెద్దాఫీసుకు పంపే ముందు నేనే కూర్చుని శుభ్రం చేశా. ఆ సాయంత్రం నువ్వు ముందే ఇంటికెళ్లిపోయావు. ఒక్కొక్కరిని మూడేసి, నాలుగేసి సార్లు ఎక్కించావు గదా, ఎంత తిట్టుకున్నానో."

"మాయమైన మ్యాపులు గివ్వే సార్. లాలిలు నలుగురున్నరు మా తండల."

"నలుగురా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి చెప్పొద్దూ?"

"నేనే తీసేసిన్నని మా కాకకు చెప్పిన్రు గద."

"కంప్యూటర్లో నీ పేరే ఉందయ్యా. ఉన్నది చెప్పా. టీ తాగండి, చల్లారిపోతుంది."

ఏడాదిన్నర నుంచి నూరుకుంటూ వచ్చిన మాటలు నాలుక దాకా వచ్చి ఆగిపోయాయి. అవన్నీ కుట్ర చేసినవాడి కోసం తయారైన మాటలు. ఈయన కుట్ర చెయ్యలేదు. నన్ను ద్వేషించడానికైనా నేనెవరో ఈయనకు గుర్తుండాలి కదా. కుర్చీలో కూర్చున్న ఆ మనిషిని కొట్టినా లాభం లేదు. నా పగ ఆయన మీద నిలబడదు, జారిపోతుంది. కానీ జారి ఎక్కడికీ పోలేదు. పక్కనే, కప్పు ముట్టకుండా తల దించుకున్న మనిషి మీద పడింది. ఈయనకు నేనెవరో తెలియదు. కాకకు తెలుసు. తెలిసీ ఒక్క మాట అడగలేదు.

బస్టాండులో కాక నోరు విప్పాడు. "డబ్బల మ్యాపులున్నయా?"

"పందొమ్మిదీ ఉన్నయ్."

"ఇయ్యి రా. సోమవారం సార్లు కూసుంటరు."

"ఇస్త. ఇంటింటికాడ ఇస్త. నువ్వు ముంగట నడువాలె. 'బాలకృష్ణ తియ్యలే, నేను అడగకుండ తప్పు జెప్పిన' అనాలె. అన్నంక ఆ ఇంటి మ్యాపు."

"పంచాయితి పెడ్త. అందరి ముంగట ఒక్కసారే చెప్త."

"ఒక్కసారి గాదు. పందొమ్మిది సార్లు."

"నీ నాయిన తమ్ముణ్ణి రా నేను."

"అవ్. ఆనాడు గది నాకు యాదికుండె. నీకే లేకుండె."

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. మంగ్యా కోడలు లాలి మ్యాపు జాబితాలోనే నిలిచింది, ఆమె ఎప్పుడో పట్టా అందుకుంది. అందుకని మేకల లాలితో మొదలు. ఆమె పాలు పిండుతూ విని, "గింతదానికి పొద్దుగాల్నే ఇద్దరొచ్చిన్రా? కాయితం ఇయ్యి," అంది. బావికాడి లాలి నవ్వింది. చెవిటి లాలికి కాక మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. నేను ఆపలేదు. ఆ అరుపు చుట్టుపక్కల ఇళ్లకూ వినపడింది. వినపడాలి.

అయిదో ఇంటికి చాలనిపిస్తుందనుకున్నాను. కోపానికి ఒక అడుగు ఉంటుందని, అక్కడిదాకా దిగితే ఆగుతుందని చదివాను. అనిపించలేదు. పదో ఇంటి దగ్గర కాక గొంతు ఎండిపోయింది. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. "చెప్పినంక తాగు," అన్నాను. చెప్పాడు, తాగాడు. మాట ప్రతి ఇంటికీ చిన్నదవుతోంది. పదిహేనో ఇంట్లో ఒక పదం మింగాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. వాళ్లు నా వైపు చూసిన చూపు, నన్ను వెలేసిన నాటి చూపుకన్నా ఎక్కువ దూరంగా ఉంది. అది తెలిసింది. అయినా నడిచాను.

పందొమ్మిదోది కాక ఇల్లే. ఆయన భార్య సక్రి గడపలో నిలబడి ఉంది.

"బయటనే నిలవడ్డవేంది? నీ ఇల్లే గద," అంది ఆయనతో.

కాక తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనది అడగలేదు. వాకిట్లోనే నిలబడి, పదం తప్పకుండా మొత్తం చెప్పాడు.

సక్రి ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది. "కడుపు నిండిందా రా?" అని అడిగింది.

ఆఖరి మ్యాపు ఆమె చేతికిచ్చి వెనక్కి తిరిగాను. తండా చివరి దాకా రెండు వైపులా ఇళ్లు చూసుకుంటూ నడిచాను, ఏ ఇల్లయినా మిగిలిందేమోనని.