అన్ని రైళ్లకూ ఒకటే పాసు

భూపాలపల్లికి రైలు లేదు. బొగ్గుంది, ఆ బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ ఉంది, మోచేతులతో పోట్లాడితే తప్ప సీటు దొరకని బస్టాండు ఉంది. రైలెక్కాలంటే మాత్రం వరంగల్ దాకా పోవాల్సిందే. అలాంటి ఊళ్లో కూర్చొని హర్షవర్ధన్ సారు యూరప్ రైళ్ల టైములు బట్టీ పట్టాడంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. సారుకు మాత్రం అది నవ్వులాట కాదు.

ఆయనది జనగామ. పట్టాల పక్క వీధిలోనే ఇల్లు. చిన్నప్పుడు గేటు పడితే చాలు, బడి సంగతి మరిచిపోయి బోగీలను చూస్తూ నిలబడేవాడు. పెద్దయ్యాక సాంఘికశాస్త్రం పంతులై, ఆల్ప్స్ పర్వతాలను బెత్తంతో చూపించి చూపించి పటం మీద ఆ చోట రంగు పోగొట్టాడు. ఒక్క పాసు కొంటే చాలు, నెల రోజుల పాటు ఏ దేశంలో ఏ రైలైనా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చని ఇంటర్నెట్ సెంటర్లో చదివిన రోజున మనిషి నేల మీద లేడు. చలికాలంలో పోతే రద్దీ తక్కువ, మంచు ఎక్కువ. రాత్రుళ్లు రైల్లోనే పడుకుంటే హోటలు బాధ లేదు. తెల్లారి కళ్లు తెరిస్తే ఇంకో దేశం.

"ఇంకో దేశంల మొకం యాడ కడుక్కోవాలె?" అని అడిగింది భార్య సింధూజ.

"రైల్లనే నల్లా ఉంటది."

"మరి అన్నం?"

సారు పటం మీద ఇంకో ఊరు చూపించాడు. అయినా సింధూజ మెల్లమెల్లగా దారికొచ్చింది. చింతకాయ తొక్కు ఏ డబ్బాలో పెడితే కారదో చూసుకుంది. చలికోట్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయో చెల్లెలికి ఫోన్ చేసి కనుక్కుంది. సాయంత్రాలు ఇద్దరూ మంచం మీద పటం పరుచుకొని ప్రాగ్ నుంచి వియన్నా, వియన్నా నుంచి వెనిస్ అని వేలితో తిరిగేవారు. పిల్లల్లేని ఆ ఇంట్లో అంత సందడి అంతకుముందెప్పుడూ లేదు. డిసెంబరు ప్రయాణానికి పాసులు కొన్నారు, పై అధికారుల అనుమతీ దొరికింది. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది.

అది రెండువేల పదకొండో సంవత్సరం. బళ్లు, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. బాయిల్లో బొగ్గు కూడా ఆగింది. బొగ్గుగనిని ఇక్కడ అందరూ బాయి అనే అంటారు. సారు వెనకడుగు వేసే రకం కాదు. మహబూబాబాద్‌లో రైల్ రోకో అంటే తోటి పంతుళ్లను వెంటేసుకుపోయి పట్టాల మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు పట్టాల మధ్యే పొయ్యి పెట్టి అన్నం వండారు. ఒక్క చక్రం కదలొద్దని సారు గొంతు పోయేలా అరిచాడు. అరుస్తూనే, వియన్నా రైలు ఈపాటికి ఏ స్టేషన్లో ఉంటుందో అని కూడా అనుకున్నాడు. అందులో దొంగతనం ఏమీ లేదు. ఆయనకు తెలంగాణ కావాలి, వియన్నా కూడా కావాలి. రెండూ కోరుకున్నందుకు ఎవరూ తప్పు పట్టరు. తప్పు ఆ తర్వాత జరిగింది.

దసరా వెళ్లాక ఒక మాట గుప్పుమంది. సమ్మె ఇంకా సాగితే పోయిన పనిదినాలన్నీ డిసెంబరులో పూడ్చాలట, ఎవరికీ సెలవు ఉండదట, ముందే ఇచ్చిన సెలవులు కూడా రద్దట. ఆ రాత్రి సారు పాసులు తీసి వాటి మీది తేదీలు మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

మర్నాడు దీక్షా శిబిరంలో పంతుళ్లంతా కూర్చున్నారు. సమ్మెలో ఉండాలా, బడికి పోవాలా తేల్చుకోవాలి. అదే గుడారంలో ఒక పక్కన బాయి కార్మికులు కూడా ఉన్నారు.

"ఇంకొన్ని దినాలు ఓపిక పడుదాం," అంది రాజమణి టీచర్. "మనం లేస్తే బాయోల్లు ఒంటరైతరు."

అందరూ ఆమెకే తలూపారు. అప్పుడు సారు లేచాడు.

"మనం ఎవ్వల కోసం కొట్లాడుతున్నం? మన పోరగాండ్ల కోసమే గద. ఉన్నోల్ల పిల్లలు హైదరాబాద్ల సదువుకుంటనే ఉన్నరు. ఆగమైతున్నది ఎవ్వలు? తండా పిల్లలు, బాయి కార్మికుల పిల్లలు. పదో తరగతి పిల్లల ఉసురు మనకు తగులొద్దు."

చివరి మాట దగ్గర ఆయన గొంతు వణికింది. వణుకు నిజమే, దాని కారణమే వేరు. రాజమణి టీచర్ కొంగుతో కళ్లొత్తుకుంది. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. బడికి పోదామని తేలిపోయింది. గెలిచినందుకు సారు సంతోషపడాలి కదా, కానీ వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది.

చూస్తున్నది హరిలాల్. బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చి బాయిలో బొగ్గు కొడతాడు. కూతురు పూజ సారు దగ్గరే పదో తరగతి చదువుతోంది. తెలంగాణ మాట తేలేదాకా బాయి దిగనని సేవాభాయా మీద ఒట్టు పెట్టుకున్నాడు. లంబాడీలు ఆ దేవుడి మీద ఒట్టు పెడితే దాటరు; దాటితే భోగ్ అనే నైవేద్యం పెట్టి తప్పు ఒప్పుకోవాలి. హరిలాల్ సారును గుడారం బయటికి తీసుకుపోయాడు.

"సారు, నేను ఒట్టు పెట్టుకున్న. గాని మా పిల్లల గురించి మీరు గింత మనాది పడుతుంటే నా ఒట్టు పట్టుకొని కూసుంటే ఎట్ల? మావోల్లకు గిదే జెప్త. సేవాభాయాకు భోగ్ పెట్టి తప్పు ఒప్పుకుంట. పిల్ల కోసం దప్పినని జెప్త."

"గట్లనే," అన్నాడు సారు. కొన్నాళ్లకు బాయి సమ్మె కూడా ఆగింది. హరిలాల్ మొదటి షిఫ్టులో దిగాడని విని సారు ఆ రోజు బజారుకు వేరే దారిన పోయాడు.

డిసెంబరు రానే వచ్చింది, సారు సెలవు రద్దు కాలేదు. ఒక సాయంత్రం హరిలాల్ పూజను వెంటబెట్టుకొని ఇంటికొచ్చాడు.

"బడి అయినంక మా బాయి క్వార్టర్ల పిల్లలకు జర పాఠాలు జెప్పాలె సారు. మన సారు కాదనడని అందరికి మాటిచ్చిన."

లోపల మంచం మీద పటం పరిచే ఉంది. సారు గది తలుపు దగ్గరికి లాగాడు.

"మేడంకు పానం బాగలేదన్నా. హైదరాబాద్ల ఆపరేషన్. సోమారం పొద్దుగాల పోతున్నం. నెల పట్టొచ్చు."

అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. వంటింట్లో మిక్సీ మోతలో సింధూజకు ఏమీ వినపడలేదు. పూజ మాత్రం ముఖం చిన్నబుచ్చుకొని, "మేడం మంచిగైతది సారు," అంది. సారు ఆ పిల్ల చెప్పుల వైపు చూస్తూ తలూపాడు.

ప్రయాణం రోజు పొద్దున సూట్‌కేసులతో బస్టాండుకు వచ్చేసరికి హరిలాల్ అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజానికి సంచి.

"నేను సుత వస్తున్న సారు. బాయికి సెలవు పెట్టిన. దవాఖానల మనిషి లేకుంటే ఎట్ల? రక్తం అవసరమైతే నాది ఎవ్వలకైన ఎక్కుతదట."

సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి రెండు చేతులతో సింధూజకు ఇచ్చాడు. "పొద్దుగాల భోగ్ పెట్టిన మేడం. బెల్లమన్నం. మీ పానం మంచిగ కావాలని మొక్కిన."

సింధూజ డబ్బా అందుకుంది. "నా పానానికేమైందన్నా?"

ఆమె భర్త వైపు తిరిగింది. సారు బస్సు బోర్డు మీది ఊళ్ల పేర్లు చదువుతున్నాడు, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు. ఆ ముఖం చూశాక ఆమెకు అడగాల్సిన పని లేకపోయింది. తనను రోగిష్టిని చేసి నిలబెట్టిన మనిషి మీద ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఎదురుగా నిలబడ్డవాడి ఇస్త్రీ చొక్కా చూస్తే కోపం కంటే సిగ్గే ఎక్కువైంది.

"నాకేం రోగం లేదన్నా. దేశాలు తిరగబోతున్నం. ఒక్క పాసు ఉంటే అన్ని రైళ్లు ఎక్కొచ్చని కొన్నడు."

"ఎప్పుడు కొన్నరు మేడం?"

"సమ్మెకు ముందటనే."

హరిలాల్ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. డిసెంబరు సెలవులు పోతాయన్న మాట గుప్పుమనడం, మర్నాడే సారు గుడారంలో లేవడం, రెంటినీ ఆయన మనసులో పక్కపక్కన పెట్టుకుంటున్నాడని సారుకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. తిడితే బాగుండు, చొక్కా పట్టుకుంటే ఇంకా బాగుండు అనుకున్నాడు.

హరిలాల్ తిట్టలేదు. "పిల్ల కోసం ఒట్టు దప్పినని దేవునికి జెప్పిన సారు," అన్నాడు. "ఇప్పుడేమని జెప్పాలె?"

"నా పేరు జెప్పు అన్నా. హర్షవర్ధన్ సారు మోసం జేసిండని జెప్పు."

"మీ పేరు ఆయనకెందుకు సారు. ఒట్టు పెట్టుకున్నది నేను."

సింధూజ డబ్బా తిరిగి ఇవ్వబోయింది. "ఉండనీ మేడం, తినుండ్రి. మొక్కింది మీ కోసమే," అని సంచి సర్దుకొని హరిలాల్ క్వార్టర్ల వైపు నడిచాడు. కండక్టర్ హన్మకొండ, హన్మకొండ అని కేకేస్తున్నాడు. సింధూజ సూట్‌కేసు మీదే కూర్చొని డబ్బా మూత తీసింది. ఒక ముద్ద తాను తిని, రెండో ముద్ద భర్తకు అందించింది. సారు చెయ్యి చాపలేకపోయాడు.